దేవగన్నేరుకు నీళ్ళొదిలేశాను

ఏప్రిల్ 9

టీచరమ్మ మరదలికి,

మీ బావ రాస్తున్న ఉత్తరం. విరిగిన నీ చెయ్యి ఎలా ఉందని ముందుగా అడగాలి. అడిగాననుకో. కట్టు ఎప్పుడు విప్పుతారో రాయి. విరిగింది ఎడమ చెయ్యే కాబట్టి జవాబు రాయకపోవడానికి వంక కూడా లేదు నీకు.

ఇప్పుడు అసలు సంగతి. నీకు చెయ్యి విరిగిందని తెలియగానే మీ అక్కను పంపించానా లేదా? అన్నాళ్ళూ హోటలు తిండి తిని కడుపు పాడుచేసుకున్నానా లేదా? తిరిగొస్తోందంటే డ్యూటీ మార్చుకుని మరీ బస్టాండుకు వెళ్ళాను. దారంతా బాగానే మాట్లాడింది. ఇంటికి రాగానే సంచీ భుజాన ఉండగానే "నా మొక్కలెలా ఉన్నాయో" అంటూ మేడెక్కింది. నేను కింద టీ పెడుతున్నాను. ఎంతకీ దిగి రాలేదు. చూసి మురిసిపోతోందనుకున్నాను. కాసేపటికి దిగొచ్చి, "ఎవర్ని అడిగి వేశారు?" అంది. "నీకోసమే వేయించాను" అన్నాను. అంతే! దించని ఆ సంచీతోనే వెనక్కి తిరిగి, వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కేసింది. టీ పొయ్యి మీదే ఇగిరిపోయింది.

ఇంతకీ నేను చేసిన నేరం ఏమిటయ్యా అంటే, మేడ మొత్తానికి రేకులు వేయించాను. పచ్చరంగు రేకులు. నాలుగు మూలలా ఇనుప స్తంభాలు, మా ఫ్యాక్టరీ ఫిట్టరు దగ్గరుండి బిగించాడు. ఆ మొక్కలు పగలంతా ఎండలో మాడుతున్నాయి, వాటితోపాటు మీ అక్కా మాడుతోంది. నీడ కల్పించాను. నీడ కల్పించిన మనిషి మీద అలిగి వెళ్ళిపోయే ఆడదాన్ని నేనెక్కడా చూడలేదు.

ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. ఇన్నేళ్ళుగా ఐసు ఫ్యాక్టరీ కంప్రెసర్ల పక్కన నిలబడి నా చెవులెప్పుడో పోయాయి. ఫోనులో నేను అరిస్తే ఊరంతా వింటుంది, అవతలి మాట నాకొక్కడికే వినపడదు. అందుకే ఉత్తరం. అలిగిన మనిషి నా ఉత్తరం విప్పనైనా విప్పదు కాబట్టి నీకు.

నువ్వైనా నాలుగు చివాట్లు పెట్టి పంపించు.

ఒళ్ళు మండుతున్న
బావ


ఏప్రిల్ 16

బావగారికి,

నా చెయ్యి బాగానే ఉంది. మీ చెయ్యి కూడా భేషుగ్గా ఉన్నట్టుంది, అన్ని రేకులు వేయించిందంటే.

మీ ఉత్తరం అక్కకు చదివి వినిపించాను. "నీకోసమే" అన్న మాట దగ్గర ఆవిడ నవ్వింది. ఆ నవ్వు మీరు చూడకపోవడమే మంచిదైంది.

చివాట్లు పెట్టమన్నారు కదా, పెడుతున్నాను, మీకే. మీ మేడ మీద ఎండ తప్ప మరేమీ లేదు కాబట్టి ఎండంటే ప్రాణం పెట్టే మొక్కల్నే అక్క ఏరికోరి తెచ్చుకుంది. గడ్డిగులాబీ ఉంది చూశారూ, ఎండ నేరుగా మీద పడితే తప్ప ఆ పువ్వు విచ్చుకోదు. మబ్బు పట్టిన రోజు మొగ్గ తెరవనే తెరవదు. కాగితపు పూల తీగకు పొద్దస్తమానం ఎండ తగలకపోతే ఆకే తప్ప రంగు ఉండదు. మందారం మొగ్గలు రాల్చేసుకుంటుంది. అవి మాడుతున్నాయని మీకెవరు చెప్పారు? అవి బతుకుతున్నాయి బావగారూ, మధ్యాహ్నం పూట మేడెక్కి ఒక్కసారి చూసి ఉంటే తెలిసేది.

డ్రమ్ములోని దేవగన్నేరు మాట సరేసరి. అది అక్క చేతికి వచ్చినప్పుడు గరిటె కాడంత పుల్ల. ఇప్పుడు మీ ఎత్తుంది. దాని నెత్తిన రేకు పెట్టించారు.

ఇంకో మాట. ఇన్నాళ్ళూ అక్క నాకు చెప్పలేదు, మొన్న రాత్రి చెప్పింది. పోయినేడు మీ ఊరి నర్సరీ ఆయన మీ ఇంటికొచ్చాడట. అంట్లు కట్టడానికీ మొక్కల బాగోగులు చూడడానికీ అక్కలాంటి మనిషి కావాలని అడిగాడట. మీరు ఆయన్ని గుమ్మంలోనే నిలబెట్టి, "మా ఆవిడకు ఎండలో పనిచెయ్యాల్సిన ఖర్మ పట్టలేదు, నీడపట్టున ఉంటుంది" అని పంపించేశారట. అక్క అప్పుడు వంటగదిలో ఉంది. తనను అడుగుతారేమోనని చేతులు తుడుచుకుని నిలబడిందట. మీరు తలుపేసి వచ్చి పేపరు చదువుకున్నారు.

అప్పుడు తన నోటి మాట మీరు చెప్పారు. ఇప్పుడు తన మొక్కలకు ఏం కావాలో కూడా మీరే చెప్పారు. రేకులు తీసేవరకూ రానంటోంది. తీసినా వస్తుందని నేను మాటివ్వను.

మీ మరదలు


ఏప్రిల్ 25

టీచరమ్మకు,

బడిలో పిల్లలతో గోడకుర్చీ వేయించే అలవాటు నా దగ్గర చూపించకు. నేను నీకంటే పెద్దవాణ్ణి.

ఆ నర్సరీ వాడి సంగతి ఇంతకాలం కడుపులో పెట్టుకుందా మీ అక్క? ఒక్కసారైనా నోరు తెరిచి "నేను వెళ్తాను" అందా? అనకుండా నాకెలా తెలుస్తుంది? కంప్రెసరైనా పాడయ్యేముందు మోత మార్చి చెబుతుంది.

ఎండ గొప్పదనం నాకు పాఠం చెబుతున్నావు. నేను ఈ ఫ్యాక్టరీలో మిషను దగ్గరికి రాకముందు లోడింగులో చేశాను. నడినెత్తిన ఎండ, చేతుల్లో ఐసు దిమ్మ. పైన కాలుతుంటే కింద వేళ్ళు తిమ్మిరెక్కి పోయేవి. లారీ మీంచి కళ్ళు తిరిగి పడ్డవాళ్ళను మోసుకెళ్ళాను. అప్పుడే అనుకున్నాను, పెళ్ళంటూ చేసుకుంటే ఆ పిల్లకు ఎండ పొడ తగలనివ్వనని. అది తప్పా? పెళ్ళాన్ని నీడపట్టున కూర్చోబెట్టి చూసుకుంటానంటే లోకంలో ఎవరైనా మెచ్చుకుంటారు. మీ అక్కాచెల్లెళ్ళకే అది నేరమైంది.

పోయిన వేసవిలో ఏం జరిగిందో కూడా నీకు చెప్పి ఉండదు. మధ్యాహ్నం మేడ మీంచి దిగుతూ మెట్ల మీద కూలబడింది. నేను రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నాననుకుంది. నేను గదిలోంచి చూస్తూనే ఉన్నాను. లేచి వెళ్ళేలోపే తనే లేచి, ఏమీ జరగనట్టు మొహం కడుక్కుంది. చెబితే మేడెక్కొద్దంటానని చెప్పలేదు. నేనూ అడగలేదు. రేకులు వేయించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. నా కళ్ళ ముందు మనిషి కూలబడితే నేను పూల రంగు గురించి ఆలోచించాలా?

మొక్కలు బతికే ఉన్నాయి. రోజూ బకెట్లతో నీళ్ళు మోసి పోస్తున్నాను. గడ్డిగులాబీలు మొహం ముడుచుకుని కూర్చున్నాయి, ఇంటావిడ పోలికే. దేవగన్నేరు ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి. నీళ్ళు చాలడం లేదనుకుంటా.

రేకులు తియ్యను. వేసింది తీస్తే ఫిట్టరు దగ్గర నా పరువు పోతుంది.

బావ


మే 3

బావగారికి,

మెట్ల మీద కూలబడిన సంగతి అక్కను అడిగాను. ఆ రోజు తనకు ఒళ్ళు కాలిపోయే జ్వరమట. మీరు రాత్రి డ్యూటీ చేసి వచ్చారు, నిద్ర చెడగొట్టడమెందుకని చెప్పలేదట. అది ఎండదెబ్బ కాదు. అయినా మీరు చూస్తూ ఉన్నారన్న మాట వినగానే, "చూసిన మనిషి వచ్చి పలకరించాలిగానీ, ఏడాది ఆగి రేకులు వేయిస్తారా?" అంది. దీనికి జవాబు మీ దగ్గరుంటే రాయండి.

మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమాను ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున బళ్ళో సమాసాలు చెప్పి, సాయంత్రం మీ కాపురం విడదీసి అర్థం చెప్పలేక నా తల ప్రాణం తోకకొస్తోంది. నా చేతి కట్టు విప్పేశారు. ఇక అక్క ఇక్కడుండడానికి నా చెయ్యి సాకు కాదు. అది మీరు గమనించాలి.

దేవగన్నేరు గురించి ఒక్కటే చెప్పమంది. దానికి కావాల్సింది నీళ్ళు కాదు, ఎండ. నీడలో ఉన్న చెట్టు నీళ్ళు తాగలేదు. మట్టి ఎండాకే మళ్ళీ తడపాలి.

మా బడి వెనకాల కూడా ఒక నర్సరీ ఉంది. అక్క రోజూ సాయంత్రం అటు వెళ్ళి వస్తోంది. వాళ్ళ కాగితపు పూల తీగకు కత్తిరింపు తప్పుగా చేశారని మొన్న ఆ యజమానురాలితో వాదన పెట్టుకుంది. ఇవాళ ఆవిడే మనిషిని పంపి పిలిపించింది. అక్క ఇంకా ఏమీ తేల్చలేదు. తేల్చకముందే మీరు మేలుకుంటే బాగుంటుంది.

మీ మరదలు


మే 13

మరదలికి,

తీరిక లేదు, రెండు ముక్కలు రాస్తున్నాను. వేసవి కదా, ఐసు కోసం లారీలు గేటు బయట వరస కట్టాయి. పెద్ద కంప్రెసరు మొరాయించింది. ఇంటికి ఎప్పుడొస్తున్నానో, ఎప్పుడు వెళ్తున్నానో నాకే తెలియడం లేదు.

నా మోకాళ్ళు కూడా పోయాయి. రోజూ బకెట్లు పట్టుకుని మెట్లెక్కడం ఇక నావల్ల కాదు. అందుకే దేవగన్నేరుకు నీళ్ళొదిలేశాను. ఇక ఆ దిగులు లేదు. ఈ మాట మీ అక్కతో తప్పకుండా చెప్పు. మనసు కుదుటపడుతుంది.

బావ


మే 19

అయ్యా,

'బావగారికి' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

దేవగన్నేరుకు నీళ్ళొదిలేశారా? ఆ దిగులు కూడా లేదా మీకు? పైగా ఈ మాట అక్కతో తప్పకుండా చెప్పాలా, మనసు కుదుటపడుతుందా? ఎవరి మనసు? మీదా?

నేను మామూలుగా గబగబా చదువుకుంటూ పోయాను. నా నోటి నుంచి ఆ మాట వచ్చాకగానీ ఏం చదివానో నాకు తెలియలేదు. అక్క "ఏదీ, మళ్ళీ చదువు" అంది. చదివాను. ఇంకోసారి చదవమంది. నేను చదవలేదు. లేచి వెళ్ళి అప్పటికే కడిగిన గిన్నెలన్నీ మళ్ళీ కడిగింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు.

నేను ఇరవై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నీళ్ళొదులుకోవడమంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇక దక్కదు, దానితో మనకు పని లేదు అనుకున్నప్పుడు అనే మాట అది. పుల్లగా ఉన్నప్పటి నుంచి పెంచుకున్న చెట్టుకు నీళ్ళొదిలేశానని రాసే మనిషి, దాన్ని పెంచిన ఆవిడకు ఎప్పుడో నీళ్ళొదిలేసి ఉంటాడు. సూటిగా ఆ మాటే రాయొచ్చుగా, మధ్యలో చెట్టెందుకు? మీ మోకాళ్ళ నొప్పులు మాకెందుకు?

మర్నాడు పొద్దున్నే అక్క నర్సరీకి వెళ్ళి పనిలో చేరింది. మా ఇంటావిడను అడిగి పక్క గది కూడా చూసుకుంది. వచ్చే నెల నుంచి అందులో ఉంటుంది. నేను వద్దనలేదు. ఎందుకనాలి? నెత్తిన రేకు లేని చోటు దొరికింది ఆవిడకు.

నాకిక ఉత్తరాలు రాయకండి.

ఒకప్పటి మీ మరదలు


మే 24

తెలుగు టీచరుకు,

నీళ్ళు పోసినందుకు ఇన్ని శాపనార్థాలు తిన్న మగాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను!

నీ ఉత్తరం రెండుసార్లు చదివినా నాకు తలా తోకా అర్థం కాలేదు. చివరికి ఫ్యాక్టరీలో ఫిట్టరుకు వినిపించాను. వాడు రెంచీ పక్కన పెట్టి నేల మీద కూర్చుని నవ్వాడు. వాడు విప్పి చెబితేగానీ నువ్వు ఏమనుకున్నావో నాకు తెలియలేదు. తెలిశాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

మా ఫ్యాక్టరీలో రోజూ ఏం చేస్తామనుకున్నావు? డబ్బాల్లోకి నీళ్ళొదులుతాం. వాల్వు తిప్పితే నీళ్ళొదలడం, కట్టేస్తే ఆపడం. పొద్దున షిఫ్టు వాణ్ణి "నీళ్ళొదిలేశావా?" అని అడుగుతాం, "ఒదిలేశా" అంటాడు. ఇన్నేళ్ళుగా ఇదే మాట. నేను నీ పుస్తకాల్లోని తెలుగు రాయలేదు, నా నోట్లోని తెలుగు రాశాను. పిల్లలకు పాఠాలు చెప్పేదానివి, మనిషి ఎవరో, ఏ పనివాడో చూసి మాటకు అర్థం చెప్పుకోవద్దూ? నీళ్ళొదిలేశానంటే నీళ్ళు ఒదిలేశాననే!

బకెట్లు మొయ్యలేక నేనే కూర్చుని చేశాను. ట్యాంకు నుంచి సన్న పైపు లాగి, చివర చిన్న వాల్వు పెట్టి దేవగన్నేరు మొదట్లోకి దింపాను. ఐసు డబ్బాలకు పెట్టేలాంటి వాల్వే. కొంచెంగా తెరిచి పెట్టాను. పగలూ రాత్రీ సన్నగా కారుతూనే ఉంటుంది. మట్టి ఎండాక తడపమని నువ్వు రాశావుగానీ, ఎండబెట్టడానికి నాకు మనసొప్పలేదు. డ్యూటీలో ఉన్నా, నిద్రలో ఉన్నా చెట్టుకు తడి ఆరదు. అందుకే ఆ దిగులు లేదన్నాను. అక్కకు చెప్పమన్నది కూడా అందుకే. సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ చెట్టుకు నేను చేసిన మొదటి పని అది.

ఫలితం కూడా కనిపిస్తోంది. డ్రమ్ము ఎప్పుడూ చల్లగా ఉంటోంది. ఆకులు రాలడం ఆగిపోయింది, రాలడానికి ఇంకేం మిగల్లేదు కాబట్టి. కానీ కాండానికి మాత్రం బాగా నీరు పట్టింది. మొదట్లో గట్టిగా చెక్కలా ఉండేది, ఇప్పుడు వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. లేతదనం వచ్చింది. ఇక చిగుర్లు వేస్తుంది.

ఆ గది సంగతి ఏం చేశారు? ఇచ్చేశారా? ఎవరూ ఎవరికీ ఏ నీళ్ళూ వదల్లేదు. ఈ ముక్క ఆవిడకు గట్టిగా చదివి వినిపించు. ఈసారి అర్థం చెప్పకు, ఉన్నదున్నట్టు చదువు.

బావ


మే 29

బావగారికి,

ముందు ఆ వాల్వు కట్టెయ్యండి!

ఈ ఉత్తరం మీకు చేరేలోపే అక్క మీ గుమ్మంలో ఉంటుంది. మీరు రాసిందంతా ఉన్నదున్నట్టే చదివాను. నీళ్ళొదలడం అంటే ఏమిటో విన్నప్పుడు అక్క కళ్ళు తుడుచుకుని, "ఈయనకు మాట్లాడడం కూడా రాదు" అని కొంచెం నవ్వింది కూడా. "కాండం మెత్తగా దిగుతోంది" దగ్గరికి వచ్చేసరికి కుర్చీలోంచి లేచింది. అది లేతదనం కాదట బావగారూ, కుళ్ళు. నీడలో, ఎడతెగని తడిలో వేళ్ళు కుళ్ళి, ఆ కుళ్ళు మొదలు దాటి పైకి పాకిందట. పాదాలకు నర్సరీ మట్టి ఉండగానే బస్సెక్కింది. సంచీ కూడా తీసుకోలేదు, ఒక్క రంపం చేత్తో పట్టుకుంది. కండక్టరు ఎక్కనిచ్చాడో లేదో నాకు తెలియదు.

చెట్టు కోసం వస్తోంది. మీకోసమని మురిసిపోకండి. నర్సరీలో సెలవు అడిగింది, పని మానలేదు. గది కూడా ఇంకా ఇచ్చెయ్యలేదు.

నా తెలుగుకు వంక పెట్టారు కదా. 'పైపు పెట్టాను' అని రాయడానికి మీకేమొచ్చింది? అయినా నేను ఆ మాట మిమ్మల్ని అడిగి తెలుసుకోవాల్సింది, అడక్కుండానే తిట్టాను. అంతవరకు మీరు గెలిచారు, అంతవరకే.

మీ మరదలు


జూన్ 14

మరదలికి,

నువ్వు అడగవుగానీ, ఏం జరిగిందో వినాలని చచ్చిపోతూ ఉంటావు. అందుకే రాస్తున్నాను.

వచ్చీ రాగానే నా వంక చూడలేదు. మేడెక్కి చెట్టు మొదలు పట్టుకుంది. తోలు ఊడి చేతిలోకి వచ్చింది. ఏమైనా అంటుందని గోడకానుకుని నిలబడ్డాను. రంపంతో కొయ్యడం మొదలుపెట్టింది. కింది నుంచి కోస్తూ వచ్చింది, ప్రతి ముక్క లోపలా గోధుమరంగే. ఇంకా పైకి, ఇంకా పైకి. ప్రతి కొమ్మా కోసి చూసి పారేసింది. ఆ చప్పుడు నాకు బాగానే వినపడింది. చివరికి ఒక్క కొమ్మ దగ్గర లోపల తెల్లగా కనిపించి పాలు కారాయి. మూరెడు కొమ్మ. అంత చెట్టులో అంతే మిగిలింది. అప్పుడు కూర్చుండిపోయింది.

నేను చంపాను దాన్ని. ఇంత జాగ్రత్తగా, ఇంత ఇష్టంగా, దగ్గరుండి చంపాను. కావాలని చేసినవాడికైతే తిట్లు తిన్నాక మనశ్శాంతి ఉంటుంది. నాకు అదీ లేదు.

మర్నాడు ఫిట్టరును పిలిచి రేకులు తీయించాను. మొత్తం తీయించాను. పరువు పోయింది, పోనీ. తను మెట్ల మీద నిలబడి, "నేను తియ్యమన్లేదే" అంది. "నేను అడగలేదుగా, అడుగుతున్నాను ఇప్పుడు. తియ్యమంటావా?" అన్నాను. ఫిట్టరు స్పానరు గాల్లో పట్టుకుని ఇద్దరి వంకా చూస్తున్నాడు. చాలాసేపటికి, "తియ్యండి" అంది.

ఇక్కడి నర్సరీకి కూడా వెళ్ళాను. నేను గుమ్మంలో నిలబెట్టిన మనిషి గుమ్మంలోనే నిలబడి చెప్పాను, ఆ రోజు చెప్పింది మా ఆవిడ మాట కాదు, నా మాట అని. ఆయన కూర్చోమని కూడా అనలేదు. నేను చేసిన దానికి సరిపోయిందిలే అనుకున్నాను. ఆ తర్వాత మీ అక్కే వెళ్ళి మాట్లాడుకుంది. పొద్దున పూట వెళ్ళి వస్తోంది. నన్ను అడగలేదు, చెప్పింది.

ఆ కొమ్మ సంగతి వింటే నీకూ కోపం వస్తుంది. మట్టిలో పెట్టకుండా ఎండలో పడేసింది. రోజులు గడుస్తున్నాయి, ముడతలు పడుతోంది. ఇంకా ఎండితే చస్తుందేమోనని నేను తీసి వరండాలో పెట్టబోతే, "మళ్ళీ మొదలుపెట్టారూ?" అని అరిచింది. కోసిన చోట పాలు ఆరి గట్టిపడాలట, అప్పుడే పాతాలట. నాకేం తెలుసు? ఎవరైనా చెబితేగా.

నిన్న కుండీలో పాతింది. పాతి చేతులు కడుక్కుంటూ నాతో అంది: "ఇది వేరు పోసుకునేదాకా ఉంటాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత." మీ ఊళ్ళో గది అలాగే ఉంచమందట కదా. అంటే ఏమిటి దానర్థం? నువ్వు తెలుగు టీచరువి, చెప్పు.

వద్దులే. నువ్వు చెప్పే అర్థాలు నాకొద్దు.

బావ


ఆగస్టు 10

మరదలికి,

ఈ ఇంట్లో నా బతుకు ఎలా ఉందో ఎవరికి చెప్పుకోవాలి? నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను, నువ్వేమో ఆవిడ పక్షం.

కుండీ దగ్గరికి నన్ను రానివ్వదు. మందారం పూసింది, కాగితపు పూలు గోడ మీంచి వీధిలోకి పడుతున్నాయి, గడ్డిగులాబీలు మధ్యాహ్నం పూట కళ్ళు చెదిరేలా తెరుచుకుంటున్నాయి. సెలవు రోజున టోపీ పెట్టుకుని వెళ్ళి చూశాను. వాటన్నిటి దగ్గరికీ వెళ్ళొచ్చు. దేవగన్నేరు కుండీని మాత్రం ముట్టుకోకూడదు.

దానికి ఆకు కూడా వచ్చింది. ఒకటి కాదు, మూడు. "ఆకొచ్చిందిగా, వేరొచ్చినట్టేగా?" అన్నాను. ఆకు కొమ్మలోని సత్తువతో వస్తుందట, వేరు లేకపోయినా వస్తుందట, అది చూసి మోసపోకూడదట. మెల్లగా కదిపి చూద్దామంటే చెయ్యి మీద కొట్టింది. పైగా ఈ మధ్య ఆ కుండీ కింద పళ్ళెం పెట్టింది. అడుగున నీళ్ళు నిలుస్తాయని, కుండీకి పళ్ళెం పెట్టేవాళ్ళకు బుద్ధి లేదని అందరినీ తిట్టే మనిషి తనే పెట్టింది! అడిగితే మీకెందుకంది.

రోజూ పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు మేడెక్కి అడుగుతున్నాను, "వేరొచ్చిందా?" అని. మోకాళ్ళు నొప్పి పెట్టినా ఎక్కుతున్నాను. తను పని ఆపి, కుండీ వంక చూసి, ఆలోచించి, "ఇంకా లేదు" అంటుంది. ఆ మాట విని ఫ్యాక్టరీకి వెళ్తే ఆ రోజుకి పనిచెయ్యగలుగుతాను. ఏ రోజు "వచ్చింది" అంటుందోనని నాకు నిద్ర పట్టడం లేదు. మనిషి నా ఇంట్లో నా ఎదురుగా తిరుగుతోంది, ఉంటుందో పోతుందో ఒక పుల్ల చేతిలో ఉంది. ఇదెక్కడి న్యాయం?

నువ్వొక పని చెయ్యి. మామూలుగా రాసినట్టు రాసి, వేరొచ్చాక ఏం చెయ్యాలనుకుంటోందో అడుగు. నేనడిగితే ఎప్పుడు పోతావని అడిగినట్టుంటుంది.

వద్దు, అడక్కు. అడిగితే తేల్చేస్తుంది.

బావ


ఆగస్టు 18

బావగారికి,

మీరు వద్దన్నా అడిగాను. నిన్న అక్క జవాబు వచ్చింది. అందులో ఉన్నది మీకు చెప్పొద్దని మరీ మరీ రాసింది. మీ ఇద్దరి మధ్యా నలిగి నాకూ ఒళ్ళు మండిపోయి ఉంది కాబట్టి చెప్పేస్తున్నాను.

ఆ కొమ్మ వేరు పోసుకుని చాలా రోజులైంది. కుండీ అడుగు చిల్లులోంచి తెల్లగా వేరు బయటికి వచ్చేసిందట. మీ కంట పడుతుందనే కింద పళ్ళెం పెట్టింది. అది కనిపించిన రోజే ఇక్కడి నర్సరీకి రానని కబురు పంపింది. గది మా ఇంటావిడ వేరేవాళ్ళకు ఇచ్చేసింది కూడా.

మరి బావతో ఎందుకు చెప్పలేదని గట్టిగానే అడిగాను. మోకాళ్ళ నొప్పుల మనిషిని రోజూ మెట్లెక్కించడం నీకేమైనా బాగుందా అని తిట్టాను. దానికి ఆవిడ రాసిన ముక్క ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను, అర్థం చెప్పను: "ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఒక మాట అడిగి, నేను చెప్పేదాకా నిలబడడం ఇదే మొదలు. వచ్చిందని చెబితే రేపటి నుంచి అడగడం మానేస్తారు."

ఈ ఉత్తరం చించి పారెయ్యండి. మీకేమీ తెలియదు. రేపు పొద్దున కూడా మేడెక్కి అడగండి.

మీ మరదలు